నల్లగొండ నీళ్లు, పాలమూరు చెలకలు: పరిశోధనలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

విశ్వవిద్యాలయాలలోను, ప్రభుత్వ పరిశోధన సంస్థలలోను జరిగే పని తమ బతుకులకు ఏ మేరకు అక్కరకు వస్తున్నదని అడుగుతూ ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలలో కొన్నింటిని ఈ సంచికకు ఎంచుకున్నాము. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా ఇస్తున్నాము. మొదటి ప్రశ్నకు జవాబు మిగిలినవాటి కంటే బాగా పెద్దది. రెండు మూడు తరాల వారి ఎముకలతో ముడిపడిన విషయాన్ని నాలుగు వాక్యాలలో ముగించడానికి మనసు ఒప్పలేదు.

ప్రశ్న: నీటిలోని ఫ్లోరైడును తీసే ఒక విధానాన్ని ప్రపంచమంతా 'నల్లగొండ పద్ధతి' అని మా జిల్లా పేరుతో పిలుస్తున్నదని పిల్లలకు పాఠం చెబుతుంటాను. కాని మా ఊరి పిల్లలకు ఊరట కలిగించింది ఆ పద్ధతి కాదు, నల్లాలలో వచ్చిన కృష్ణా నీళ్లు. మరి ఇన్నేళ్ల పరిశోధన వల్ల మాకు ఒరిగిందేమిటి? (మర్రిగూడ మండలం నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: మీ ఆవేదన న్యాయమైనది. మర్రిగూడ, చండూరు, మునుగోడు, నాంపల్లి ప్రాంతాల పిల్లలను కాపాడింది ప్రధానంగా నది నీరేనన్న మాట కూడా నిజం. అయితే జబ్బుకు కారణం కనిపెట్టడం ఒక పని, దానికి విరుగుడు కనిపెట్టడం మరొక పని, ఆ విరుగుడు ఇంటింటా నిలిచేలా చూడడం ఇంకొక పని. మొదటి పనిలో పరిశోధన పూర్తిగా గెలిచింది. రెండో పనిలో సగం గెలిచింది. మూడో పని ఎవరి బాధ్యతో తేల్చినవారు లేరు.

మన దేశంలో తాగునీటి ఫ్లోరైడు మనుషుల ఎముకలకు చేసే హానిని 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెలను పరిశీలించిన వైద్యులు నమోదు చేశారు. నల్లగొండ జిల్లా రోగుల గురించి సిద్దిఖీ అనే పరిశోధకుడు రాసిన పత్రం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. వెన్ను వంగి, మెడ తిరగక, కీళ్లు బిగుసుకుపోయిన మనిషి బాధకు కారణం వయసో వాతమో కాదని, రోజూ తాగే నీళ్లేనని రుజువైన తరువాతనే ఆ నీళ్లు మార్చమని అడగడానికి ఆధారం ఏర్పడింది. ఆ తరువాత 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఇంకొక చిక్కును లాన్సెట్ పత్రిక ద్వారా లోకం దృష్టికి తెచ్చారు. పడుచు వయసులోనే మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునే వైకల్యం ఈ ప్రాంతంలో కనిపించింది. జొన్న ముఖ్య ఆహారంగా ఉన్నవారిలో ఇది కనిపించడం చూసి, ఒంట్లో రాగి తగ్గడం, తిండి ద్వారా మాలిబ్డినం ఎక్కువగా చేరడం ఫ్లోరైడుకు తోడై ఉండవచ్చునని వారు భావించారు. ఒక్క మోకాలి వంకరను అర్థం చేసుకోవడానికి ఎముకల వైద్యుడు, ఆహార శాస్త్రవేత్త, నేలను పరీక్షించే రసాయన శాస్త్రవేత్త ముగ్గురూ ఒక చోట చేరవలసి వచ్చిందన్నమాట.

ఫ్లోరైడు ఎక్కడి నుంచి వస్తున్నదో చెప్పింది భూగర్భ శాస్త్రం. మన కాళ్ల కింద ఉన్నది గ్రానైటు. అందులోని బయొటైటు, అపటైటు, ఫ్లోరైటు వంటి ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంటుంది. సోడియం, బైకార్బొనేటు ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్న నీరు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటే ఫ్లోరైడు దానిలోకి దిగుతుంది. కాల్షియం తగినంత ఉన్న చోట అది ఫ్లోరైడును పట్టి ఉంచుతుంది కనుక నీటిలో ఎక్కువ చేరదు. ఒకే ఊరిలో ఒక బోరు నీళ్లు మంచివై, వంద గజాల దూరంలోని మరో బోరు నీళ్లు చెడ్డవి కావడానికి ఇలాంటి తేడాలే కారణం. చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయ పరిశోధకులు కూడా నల్లగొండ జిల్లా బావుల నీళ్లను పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు.

ఇక నల్లగొండ పద్ధతి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ దీన్ని 1970లలో రూపొందించి, 1975లో ప్రకటించింది. నీటిలో ముందుగా సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, ఆపైన పటిక వేసి కొద్దిసేపు వడిగా, ఆ తరువాత పది పదిహేను నిమిషాల పాటు మెల్లగా కలియబెట్టాలి. పటికలోని అల్యూమినియం దూదిపింజల వంటి తెట్టెగా మారి, ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు చేరుతుంది. గంట తరువాత పైనున్న తేటనీరు వంచుకోవాలి. సున్నం సాధారణంగా పటికలో ఇరవయ్యో వంతు నుంచి ఇరవై అయిదో వంతు వరకు సరిపోతుంది. కరెంటు అక్కరలేదు, ఖరీదైన యంత్రం అక్కరలేదు, సరుకంతా మండల కేంద్రంలోనే దొరుకుతుంది. ఈ సుళువు వల్లనే మన దగ్గరి వంటి కష్టమే ఉన్న టాంజానియా, ఇథియోపియా దేశాలలోనూ దీన్ని ప్రయోగించి చూశారు.

అయినా అది మన ఇళ్లలో ఎందుకు నిలవలేదు? పటిక ఎంత వేయాలన్నది ఆ నీటిలోని ఫ్లోరైడు మీద, క్షారగుణం మీద ఆధారపడుతుంది. కాబట్టి ఒక ఇంటి లెక్క పక్కింటికి పనికిరాదు. లెక్క తప్పితే ఫ్లోరైడు మిగిలిపోతుంది, లేదా నీటిలో అల్యూమినియం మిగులుతుంది. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, అల్యూమినియం 0.2 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. నీటి రుచి మారుతుంది. అడుగున తేరిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్న ప్రశ్న రోజూ ఉంటుంది. అన్నిటికీ మించి, తెల్లవారకముందే లేచి పొలానికో కూలికో పోవలసిన ఇల్లాలి మీద ఇంకొక గంట పని పడుతుంది. ప్రయోగశాలలో ఆ గంటకు ఖరీదు కట్టినవారు లేరు. ఫ్లోరైడును పట్టుకునే అల్యూమినియం ఆక్సైడు గుళికలతో చేసే యాక్టివేటెడ్ అల్యూమినా వడపోతలకూ ఇదే గతి పట్టింది. వాటి గుణం కొంతకాలానికి తగ్గిపోతుంది, క్షార ద్రావణంతో కడిగి మళ్లీ పనిలో పెట్టాలి. ఆ పని తెలిసిన మనిషి ఊరిలో లేకపోతే వడపోత యంత్రం మూలకు చేరుతుంది.

జనం మాత్రం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. జలసాధన సమితి పిలుపుతో, తమ నీటి గోడు దేశానికి వినిపించాలని నామినేషన్లు వేసినవారే అందులో అత్యధికులు. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరణ జరిగి, ఆ తరువాతి ఏళ్లలో నది నీరు పల్లెలకు చేరింది. ఆ పోరాటం చేసినవారి చేతిలో ఉన్న పత్రాలు వైద్యులు, భూగర్భ శాస్త్రవేత్తలు, రసాయన శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా కొలిచి రాసినవే. నల్లగొండ పద్ధతి చేయలేని పనిని నల్లగొండ గురించిన పరిశోధన చేసిపెట్టిందని మా అభిప్రాయం. మీ పిల్లలకు ఆ పాఠం చెప్పేటప్పుడు ఈ భాగాన్ని కూడా చేర్చితే బాగుంటుంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. నల్లా నీళ్లు వచ్చినంత మాత్రాన బోరు నీళ్లు మారలేదు. పైపు పగిలి సరఫరా ఆగిన రోజులలో తాగడానికి, వండుకోవడానికి పాత బోరు దగ్గరికి పోయే అలవాటు ప్రమాదకరం. పాలపళ్లు ఉండగానే చిగుళ్ల లోపల శాశ్వత దంతాలు రూపు దిద్దుకునే వయసు చిన్నపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం.

ప్రశ్న: చింతపండు తింటే ఒంట్లోని ఫ్లోరైడు పోతుందని మా ఊరిలో అంటారు. ఇందులో శాస్త్రం ఉన్నదా? (చండూరు నుంచి ఒక గృహిణి)

జవాబు: కొంత ఉన్నది. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బడి పిల్లలకు 18 రోజుల పాటు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి పరీక్షించగా, మూత్రం ద్వారా బయటకు పోయే ఫ్లోరైడు పెరిగినట్లు తేలింది. ఈ ఫలితం 2002లో ప్రచురితమైంది. అయితే ఇది చికిత్స కాదు. ఒకసారి గట్టిపడిన ఎముక, మచ్చపడిన పన్ను చింతపులుసుతో మునుపటిలా కావు. ముందు మంచినీరు, దానితో పాటు కాల్షియం ఉన్న పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు, విటమిన్ సి ఉన్న ఉసిరి, జామ వంటివి అవసరం. కాల్షియం తక్కువైన ఒంటిలో ఫ్లోరైడు ఎక్కువ హాని చేస్తుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఆహారంలో ఏ మార్పైనా వైద్యుని అడిగిన తరువాతనే చేయాలి.

ప్రశ్న: మా చెలకలో వేయించిన బోర్లన్నీ ఎండిపోయాయి. ఈసారి ఎనిమిది వందల అడుగులు దింపితే నీళ్లు పడతాయని బోరు బండి వాళ్లు అంటున్నారు. శాస్త్రవేత్తలు ఏమంటారు? (కల్వకుర్తి ప్రాంతం నుంచి ఒక రైతు)

జవాబు: అప్పు చేసే ముందు ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. మీ ప్రాంతానికి దగ్గరలోనే దీనిపై చాలా లోతైన అధ్యయనం జరిగింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రాన్స్ భూగర్భ పరిశోధన సంస్థ కలిసి 1999లో భారత్–ఫ్రాన్స్ భూగర్భజల పరిశోధన కేంద్రాన్ని ఏర్పాటు చేసుకొని, మహేశ్వరం పరిసరాలలోని దాదాపు 50 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని ఏళ్ల తరబడి పరిశీలించాయి. అక్కడి నేల కూడా మీ నేల వలె గ్రానైటే.

వారు గమనించినది ఇది. పైన మట్టి, దాని కింద రాయి శిథిలమై ఏర్పడిన మొరం పొర, దాని కింద సన్నని పగుళ్లతో నిండిన రాతి పొర ఉంటాయి. ఆ కిందిది గట్టి బండ. రాయి శిథిలమయ్యే క్రమంలోనే ఆ పగుళ్లు ఏర్పడతాయి కనుక పైనుంచి కిందికి పోయే కొద్దీ అవి పలుచబడతాయి. మహేశ్వరంలో నీటిని బాగా పారించగల పగుళ్లు చాలా వరకు పైనుంచి సుమారు 40 మీటర్ల లోపునే, అంటే 130 అడుగుల లోపునే కనిపించాయి. మీ చెలకలో ఆ లోతు కొంత ఎక్కువో తక్కువో ఉండవచ్చు. బండలో కొన్నిచోట్ల పొడవైన పెద్ద పగుళ్లు ఇంకా లోతుకు పోవడమూ ఉన్నది, అప్పుడప్పుడు ఎవరికో ఏడు వందల అడుగులలో నీళ్లు పడ్డాయన్న మాట అందువల్లనే వినిపిస్తుంది. కాని ఆ ఒక్కరి బోరును చూసి దింపుకొన్న వేరే బోర్లు ఎన్ని ఎండిపోయాయో ఎవరూ లెక్క చెప్పరు.

బోరు ఎండిపోవడానికి చాలా చోట్ల అసలు కారణం, పైనున్న ఆ పగుళ్ల పొరలోని నీటిని వానలు నింపే దానికంటే మనం ఎక్కువగా తోడేయడం. ఆ పొర ఎండిన తరువాత ఇంకా లోతుకు పోవడం వల్ల కొత్త నిల్వ దొరకడం అరుదు. అంతే కాక, రాతిలో ఎక్కువ కాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా కరిగే అవకాశం ఉన్నది కనుక ఆ నీరు తాగడానికి వాడకూడదు. ఎనిమిది వందల అడుగులకు పెట్టే డబ్బులో కొంత భాగంతో మీ ఊరి చెరువు పూడిక తీయించుకోవడానికి, నీటి గుంట తవ్వించుకోవడానికి, బిందుసేద్యానికి ప్రయత్నించడం మేలని మా గట్టి సలహా. కొత్త బోరు తప్పదనుకుంటే భూగర్భ జలవనరుల శాఖ వారితో సర్వే చేయించుకున్న తరువాతనే బండిని పిలవండి. కొబ్బరికాయతోనో వేపపుల్లతోనో చోటు చూపించేవారి మాట మీద లక్షలు పోయవద్దు.

ప్రశ్న: తెలంగాణ సోనా, తెగులును తట్టుకునే సాంబమసూరి అనే వరి విత్తనాలు ప్రయోగశాలలో జన్యువులు మార్చి చేసినవని కొందరు భయపెడుతున్నారు. వాస్తవం ఏమిటి? (మిర్యాలగూడ నుంచి ఒక రైతు)

జవాబు: రెండూ జన్యుమార్పిడి పంటలు కావు. తెలంగాణ సోనా అసలు పేరు ఆర్‌ఎన్‌ఆర్ 15048. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన కేంద్రంలో ఎంటీయూ 1010, జేజీఎల్ 3855 అనే రకాలను సంకరం చేసి దీన్ని తయారు చేశారు. ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో దీన్ని విడుదల చేసింది. సుమారు 125 రోజులలో కోతకు వస్తుంది, అగ్గితెగులును తట్టుకుంటుంది, గింజ సన్నం. సాగర్ ఎడమ కాలువ కింద నీళ్లు ఎప్పుడు వదులుతారో, ఎప్పుడు ఆపుతారో ముందుగా తెలియని ఏడాదిలో, అయిదు నెలల పంట కంటే నాలుగు నెలల సన్నరకం ఎంత తోడ్పాటో మీకు మేము చెప్పనవసరం లేదు. తిన్న తరువాత రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచిక ఈ బియ్యానికి 51 ప్రాంతంలో ఉన్నట్లు పరీక్షలలో తేలింది. 55, అంతకు లోపు ఉంటే తక్కువగా పరిగణిస్తారు. దాన్ని చూసి మధుమేహం ఉన్నవారు రెండు పూటలా కంచం నిండా తినవచ్చునని అర్థం చేసుకోరాదు. అన్నం కొలత కూడా ముఖ్యమే.

సాంబమసూరి కథ ఇంకా పెద్దది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204 రుచిలో, దిగుబడిలో పేరు తెచ్చుకున్నా, బాక్టీరియా ఎండాకు తెగులుకు లొంగిపోయేది. పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిలో ఈ తెగులును తట్టుకునే గుణం ఉన్నట్లు శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఆ గుణానికి మూలమైన జన్యువును కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలోని పరిశోధకులు 1995లో వేరుచేసి చూపించారు. ఆ జన్యువుతో పాటు మరో రెండు నిరోధక జన్యువులను హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన డైరెక్టరేట్ శాస్త్రవేత్తలు మామూలు సంకరం ద్వారానే సాంబమసూరిలోకి చేర్చారు. ప్రతి తరంలో ఏ మొక్కలో ఆ మూడు జన్యువులూ ఉన్నాయో డీఎన్ఏ గుర్తుల సాయంతో పరీక్షించి, ఉన్నవాటినే ముందుకు తీసుకుపోవడం ఇందులోని కొత్త మెళకువ. ఆ రకం 2008లో రైతులకు అందింది. పరాయి జీవి జన్యువును మొక్కలో చొప్పించే పద్ధతి వేరు, వరిని వరితోనే సంకరం చేసి డీఎన్ఏ గుర్తులతో ఏరుకునే పద్ధతి వేరు. మీ భయానికి కారణం ఈ రెండింటినీ కలిపి మాట్లాడడమే.

విత్తనం కొనేటప్పుడు రశీదు తప్పక తీసుకోండి. పేరున్న రకం పేరుతో వేరే విత్తనం అమ్మేవారి వల్ల జరిగే నష్టం ఏ తెగులు వల్ల జరిగే నష్టానికీ తీసిపోదు.

ప్రశ్న: మా నాన్నకు గుండె కవాటం మార్చారు. రోజూ వేసుకోమన్న రక్తం పలుచబడే మాత్ర నిజానికి ఎలుకల మందు అని ఎవరో చెప్పడంతో ఆయన భయపడి మానేస్తానంటున్నారు. (జడ్చర్ల నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందుగా ఒక మాట: ఆ మాత్రను వైద్యుడు చెప్పకుండా ఒక్క పూట కూడా మాన్పించకండి. కృత్రిమ కవాటం మీద రక్తం గడ్డకడితే ప్రాణానికే ముప్పు.

ఆ మందు పుట్టుక గురించి మీరు విన్నది నిజమే, కాని సగమే. 1920లలో అమెరికా, కెనడా దేశాలలో పాడైన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చనిపోయేవి. 1933 చలికాలంలో విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఒకరు మంచుతుఫానులో చచ్చిన పెయ్యను, గడ్డకట్టని రక్తం నింపిన పాలక్యానును, పాడైన గడ్డిని బండిలో వేసుకొని దాదాపు 300 కిలోమీటర్లు ప్రయాణించి, మాడిసన్‌లోని విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ అనే జీవరసాయన శాస్త్రవేత్త గది తలుపు తట్టాడు. లింక్ బృందం ఏళ్ల తరబడి శ్రమించి 1939లో ఆ గడ్డిలోని దోషకారకాన్ని వేరుచేసింది. దానికి డైకుమరాల్ అని పేరు పెట్టారు. దాని బంధువైన వార్ఫరిన్‌ను 1948లో ఎలుకల మందుగా, 1954లో మనుషులకు ఔషధంగా వాడుకలోకి తెచ్చారు. పశువుల చావుకు కారణం వెతికిన పరిశోధన ధాన్యపు కొట్లను, ఆ తరువాత గుండె రోగులను కాపాడింది. మన దగ్గర ఎక్కువగా రాసే ఎసినోకౌమరాల్ కూడా ఈ కుటుంబంలోనిదే.

విషానికీ మందుకూ తేడా మోతాదులో ఉన్నది. అందుకే రక్తం గడ్డకట్టడానికి ఎంత సేపు పడుతున్నదో చూపే పీటీ–ఐఎన్ఆర్ పరీక్షను మీ నాన్నగారికి వైద్యుడు చెప్పిన తేదీలకు తప్పక చేయించాలి. ఆకుకూరలలోని విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది కనుక, వాటిని పూర్తిగా మానేయకుండా, ఒక వారం ఎక్కువ ఒక వారం తక్కువ కాకుండా, ఒకే తీరుగా తినమనండి. ఒళ్లు నొప్పులకు మందుల దుకాణంలో సొంతంగా మాత్రలు కొనుక్కోవడం, ఆకుపసర్లు వాడడం ఈ మందుతో చాలా ప్రమాదం. చిగుళ్ల నుంచి రక్తం కారినా, మలం నల్లగా వచ్చినా, తలకు దెబ్బ తగిలినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ప్రశ్న: నేను మహబూబ్‌నగర్‌లో భౌతికశాస్త్రం చదువుతున్నాను. నా చదువు మా ఊరి కష్టాలకు ఏ విధంగానూ పనికిరాదనిపిస్తున్నది. (డిగ్రీ విద్యార్థి)

జవాబు: హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో పోలియో పిల్లలు మూడు కిలోలకు పైగా బరువైన లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడాన్ని చూసి, అగ్ని క్షిపణి కోసం తయారు చేసిన తేలికైన మిశ్రమ పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు చేయించినవారు అబ్దుల్ కలాం. ఒక ఎముకల వైద్యుడు, ఒక క్షిపణి శాస్త్రవేత్త ఒకే గదిలో నిలబడి ఒక పిల్లవాడి నడకను చూడడం వల్ల ఇది సాధ్యమైంది. పట్టా లేనివారు కూడా ఇటువంటి పని చేయగలరనడానికి మీ పొరుగు జిల్లాలోనే నిదర్శనం ఉన్నది. పోచంపల్లి తరహా చీరల నూలుకు రంగు అద్దడానికి ముడులు (చిటికి) కట్టే ముందు, ఆ నూలును చేత్తో మేకుల చుట్టూ తిప్పే ఆసు పోయడంలో తన తల్లి పడే భుజాల నొప్పి చూడలేక, ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆసుయంత్రాన్ని తయారు చేశారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. అటువంటివారు కష్టాన్ని దగ్గర నుంచి చూసినవారు. మీరు దానితో పాటు బలాలను, కంపనాలను లెక్కగట్టే శాస్త్రాన్ని కూడా చదువుతున్నారు. మీ ఇంటిల్లిపాదీ చేసే పనులలో ఏ పని ఒళ్లు హూనం చేస్తున్నదో మొదట రాసుకోండి. మీ ప్రాజెక్టుకు అంశం అక్కడే దొరుకుతుంది.

ప్రశ్న: మా పంటకు వచ్చిన కొత్త తెగులు సంగతి విశ్వవిద్యాలయం దృష్టికి తేవాలంటే ఎవరిని కలవాలి? హైదరాబాద్ దాకా పోవాలా? (కొల్లాపూర్ నుంచి ఒక ఆముదం రైతు)

జవాబు: అవసరం లేదు. నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి మండలం పాలెంలో వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంతీయ పరిశోధన స్థానం ఉన్నది. ఆముదం మీద అక్కడ జరిగిన కృషి చాలా విలువైనది: క్రాంతి, హరిత రకాలు, పీసీహెచ్ 111 సంకరం అక్కడి నుంచి వచ్చినవే. ఈ ప్రాంతపు చెలకలలో ఎండు తెగులుతో మొక్కలు వరుసలకు వరుసలు వాలిపోయే బాధకు తట్టుకునే రకాలు వెతకడం ఆ కేంద్రం చేసిన ముఖ్యమైన పని. నల్లగొండ వైపు వారికి త్రిపురారం మండలం కంపాసాగర్‌లో పరిశోధన కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. వెళ్లలేనివారు కిసాన్ కాల్ సెంటర్‌కు 1800-180-1551 నంబరులో ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు.

వెళ్లేటప్పుడు ఎండిపోయిన మొక్కను కాక, తెగులు అప్పుడప్పుడే మొదలైన మొక్కను వేరుతో సహా, చుట్టూ మట్టితో తీసుకుపోండి. ప్లాస్టిక్ సంచిలో కడితే దారిలోనే కుళ్లుతుంది, పాత పత్రికలో చుట్టండి. పక్కనే ఉన్న మంచి మొక్కను కూడా ఒకదాన్ని తీసుకుపోతే పోల్చిచూడడానికి వీలవుతుంది. విత్తిన తేదీ, రకం పేరు, వేసిన ఎరువులు, కొట్టిన మందులు, తెగులు మొదట పొలంలో ఏ మూల కనిపించిందో, దానికి ముందు వారంలో వాన పడిందో లేదో ఒక కాగితం మీద రాసుకోండి. ఆముదంలో పూత, కాయ దశలో ముసురు పట్టినప్పుడు వచ్చే బూజు తెగులుకు, నేలలోని శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులుకు చికిత్స పూర్తిగా వేరు కనుక, ఆ వాన వివరం తప్పిపోతే సలహా కూడా తప్పిపోవచ్చు. మీ ఒక్కరి పొలంలోనే కాక ఊరిలో మరి కొందరి పొలాలలోనూ అదే తెగులు ఉంటే అందరూ కలిసి సంతకాలు చేసి రాసి ఇవ్వండి. శాస్త్రవేత్తలు స్వయంగా పొలానికి రావాలని అడగడానికి అది ఆధారమవుతుంది. ఇచ్చిన కాగితం నకలు మీ దగ్గర ఉంచుకొని, రెండు వారాలలో ఎవరూ రాకపోతే దానితో మండల వ్యవసాయ అధికారిని కలవండి.